పుస్తకాల పంచాయితీ: ఆఖరి పేజీలో పళ్లెందుకు తెల్లబడాలి?

పోయిన సంచికలో, పదో తరగతి నుంచి డిగ్రీ దాకా చదివే పిల్లల కోసం వస్తున్న నవలల గురించి నాలుగు ముక్కలు రాశాను. యంగ్ అడల్ట్ అని ఇంగ్లీషులో అంటారే, అవి. వాటిలో ఒళ్లు, రంగు, ఎత్తు గురించి రాసే తీరు మీకెట్లా అనిపించిందో చెప్పమన్నాను. పదో పదిహేనో ఉత్తరాలు వస్తాయనుకుంటే సంచి నిండింది, వాట్సాప్‌లో వచ్చినవి వేరే. అన్నీ వేయడం నా వల్ల కాదు. కొన్ని వేస్తున్నాను. మొదటిదానికి జవాబు పొడుగైంది, అది నాకూ తగిలిన ముచ్చట కాబట్టి.

*

ప్రశ్న: అక్కా, మాది మర్రిగూడ మండలం. నల్లగొండలో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్న. ఒక నవల రాస్తున్న, సగం దాటింది. హీరోయిన్‌కు నాలాగే ఫ్లోరైడ్ పళ్లు, ముందు పళ్ల మీద గోధుమరంగు చారలు. నవ్వితే చేయి అడ్డం పెట్టుకుంటది. నేననుకున్న ముగింపు ఏందంటే, ఆమెకు హైదరాబాద్‌లో ఉద్యోగం వస్తది, మొదటి జీతంతో పళ్లకు క్యాపులు వేయించుకుంటది, అప్పుడు ఆ అబ్బాయి పెళ్లి చేసుకుంటానంటడు. మా హాస్టల్ ఫ్రెండ్ చదివి, ఈ కాలంలో ఇట్ల రాస్తే తిడతరు, ఆమె అద్దం ముందు నిలబడి తన పళ్లను తానే ఒప్పుకొని నవ్వాలె, అదే కరెక్ట్ మెసేజ్ అంటున్నది. దీని మీద మా ఇద్దరికీ మూడు రోజుల నుంచి మాటల్లేవు. ఏది రాయాలె? (పేరు వద్దు అక్కా.)

జవాబు: చెల్లె, ముందు ఆ అమ్మాయితో మాట్లాడు. నవల ఎప్పటికి అయితదో ఏమో గానీ రూమ్మేట్‌తో రోజూ పని.

రెండు ముగింపులూ వద్దు. నీ దాంట్లో డాక్టరు సరిచేస్తున్నాడు, నీ ఫ్రెండ్ దాంట్లో అద్దం సరిచేస్తున్నది. తేడా అంతే. రెండింట్లోనూ రెండు వందల పేజీల పిల్ల ఆ నాలుగు పళ్ల చుట్టూ తిరిగి తిరిగి, వాటి సంగతి తేలగానే అయిపోతున్నది, ఇంక ఆమెకు ఈ లోకంలో వేరే పనే లేనట్టు. మీ హాస్టల్లో ఎవరైనా అట్లా బతుకుతున్నారా? పళ్ల గురించి పొద్దున అద్దంలో ఒకసారి బాధపడి, మళ్లీ ఫీజు గురించి, ఇంటర్నల్స్ గురించి, మెస్‌లో నీళ్ల చారు గురించి బాధపడరూ?

నాది నాంపల్లి మండలం. మీ పక్కనే. నా పళ్లూ అవే. చిన్నప్పుడు మా అవ్వ వేపపుల్లతో తోమించింది, బొగ్గుపొడి, ఉప్పు అయ్యాక ఒకసారి ఇటుకపొడి కూడా పెట్టించింది. చిగుళ్ల నుంచి నెత్తురు వచ్చింది గానీ మరక పోలేదు. పోదని ఆమెకెట్లా తెలుస్తుంది? అది పైన అంటుకున్న మరక కాదు. పన్ను ఇంకా చిగురు లోపల తయారవుతున్నప్పుడు, ఏడెనిమిదేండ్ల లోపు తాగిన నీళ్లతోటి, ఎనామిల్‌లోనే పడిపోతుంది. పన్ను బయటికి వచ్చేసరికే పని అయిపోయి ఉంటుంది. కానీ ఊళ్లో అనేది మాత్రం "పిల్ల పళ్లు తోమదు" అని. నేను రోజుకు మూడుసార్లు తోమేదాన్ని.

లీటరు నీళ్లకు ఒకటిన్నర మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే లెక్క. మన దిక్కు బోర్లలో దానికి ఎన్నో రెట్లు ఉండేది. అది ఎవరో కలిపింది కాదు, కింద ఉన్న రాయిలోంచే నీళ్లలోకి దిగుతుంది, బావులెండి బోర్లు లోతుకు పోయినకొద్దీ మనకు ఎక్కువైంది. పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్‌ను అడుగుకు దించే పద్ధతి ఒకటుంది, నాగపూర్‌లో నీరి (NEERI) అనే పర్యావరణ పరిశోధన సంస్థ వాళ్లు తయారుచేసింది, దాని పేరు నల్లగొండ టెక్నిక్. నీళ్ల శుద్ధి గురించి ఇంజనీరింగ్ పిల్లలు చదివే పుస్తకాల్లో మన జిల్లా పేరుంది, ఏం చేద్దాం, అందుకుంది.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే నీ ఉత్తరంలో నీళ్ల ముచ్చటే లేదు. పళ్లున్నాయి, అద్దముంది, అబ్బాయున్నాడు. బోరింగు లేదు. నీ హీరోయిన్ ఆ చారలు తన ఒక్కదానివే అనుకుంటున్నది, మండలం మండలమే అట్లా నవ్వుతున్నప్పుడు. తనను తాను ఒప్పుకోవడమంటారు, సరే, పళ్లను ఒప్పుకుంటుంది. ఇన్నేండ్లు ఆ నీళ్లే తాగనిచ్చినవాళ్లను కూడా ఒప్పుకోవాల్నా? మీ మండలంలోనే నడుములు వంగిపోయి, చేతులు కాళ్లు ముడుచుకుపోయి మంచం మీదే ఏండ్లు గడిపిన మనుషులున్నారు, వాళ్ల ఇంట్లో పళ్ల మరకను జబ్బు కిందే లెక్కపెట్టరు. అట్లాంటి ఇంటి ముందు నుంచి మీ హీరోయిన్ రోజూ కాలేజీ బస్సుకు నడిచిపోతుంది కదా. ఒక్కసారైనా లోపలికి తొంగి చూడనీ. ఇంకోటి, 2016లో మొదలైన మిషన్ భగీరథ నల్లా నీళ్లు తాగి పెరిగిన చిన్న తమ్ముడో చెల్లెనో ఇంట్లో ఉంటే వాళ్ల పళ్లు చూడు. ఒకే ఇంట్లో, ఒకే తల్లి పిల్లలకు రెండు రంగుల పళ్లు. నేనైతే నవల అక్కడ మొదలుపెడతాను.

పెళ్లిచూపులకని నన్ను నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర ఒక స్టూడియోకు తీసుకుపోయారు. ఇరవై రెండేండ్లు నాకు. మా మేనత్త పట్టుచీర, మెడలో ఎవరిదో గొలుసు. ఫొటో తీసేటాయన మంచివాడే, రెండుసార్లు లైటు అటూ ఇటూ జరిపి, ఇంక ఓపిక పట్టలేక "అమ్మా, నోరు మూసుకొని నవ్వు" అన్నాడు. నోరు మూసుకొని నవ్వడం ఎట్లనో మీరూ ఒకసారి చేసి చూడండి. బుగ్గలు లేస్తాయి, పెదవులు బిగుసుకుంటాయి, కళ్లు మాత్రం ఎదుటివాళ్లను "ఇంతేనా, అయిందా" అని అడుగుతున్నట్టుంటాయి. ఆ ఫొటో చూసే మా ఆయన వాళ్లు వచ్చారు. చాయ్ ఇస్తుంటే ఆయన ఏదో జోకు వేసి తనే నవ్వాడు. చూస్తే ఆయనవీ అవే పళ్లు. ఆయనది చండూరు దగ్గర. ఇంక నేనెందుకు మూసుకుంటాను.

ఇది నవ్వులాటగా ముగిసింది కాబట్టి చెప్పుకుంటున్నాను. హాస్టల్లో చేరిన కొత్తలో వేరే జిల్లా అమ్మాయి ఒకతె నన్ను పక్కకు పిలిచి, చాలా ప్రేమగా, "నువ్వు గుట్కా తింటవా?" అని అడిగింది. ఆమె వెక్కిరించలేదు. మానెయ్యమని చెప్దామనుకుంది పాపం. వెక్కిరించినవాళ్ల పేర్లన్నీ మరిచిపోయాను గానీ ఆమె గొంతు ఇప్పటికీ యాదికున్నది. నీ నవలలో ఎంతమంది వెక్కిరిస్తున్నారో లెక్క చూసుకో. ఎక్కువమంది ఉంటే తీసెయ్. మంచిగా మాట్లాడేవాళ్ల నోటి నుంచే ఒక్క మాట రానీ.

జూలీ మర్ఫీ అని ఒక అమెరికన్ రచయిత్రి 2015లో 'డంప్లిన్' అనే నవల రాసింది. టెక్సాస్‌లో చిన్న టౌను, లావుగా ఉండే అమ్మాయి, ఊళ్లో అందాల పోటీ నడిపేది వాళ్లమ్మే. పిల్ల పోయి ఆ పోటీకే పేరిస్తుంది. సన్నబడదు. కిరీటం రాదు. అందరూ పోటీ గురించి మాట్లాడతారు, నాకు యాదికున్నది వేరే. తన ఒంటితో అంతవరకు పెద్ద పేచీ లేని పిల్ల, తనకిష్టమైన అబ్బాయి దగ్గరికి తీసుకొని వీపు మీద చేయి వేసేసరికి, ఆ మడతలు వాడి చేతికి తగులుతున్నాయని బిగుసుకుపోతుంది. వాడేమీ అనలేదు. ఎవరూ ఏమీ అనలేదు. ప్రేమలో పడ్డాకే ఆ సిగ్గు పుట్టింది. ఇది తెలిసినవాళ్లే రాయగలరు, మెసేజ్ కోసం రాసేవాళ్లకు తట్టదు.

క్యాపుల సంగతి. వేయించుకోనీ, తప్పేముంది? సొంత జీతం, సొంత నోరు. క్యాపులు వేయించుకున్న పిల్ల తన ఊరికి ద్రోహం చేసినట్టు రాసే కథలంటే నాకు ఒళ్లు మంట. కాకపోతే ముగింపులో వద్దు. నడుమ ఎక్కడో ఒక చాప్టర్‌లో వేయించి, మర్నాడు ఆమెను మామూలుగా దేవరకొండ బస్సెక్కించు. మా చెల్లె వేయించుకొని ఆరేండ్లయింది. ముత్యాల్లా ఉంటాయి. ఇప్పటికీ గట్టిగా నవ్వొస్తే చేయి నోటికి పోతుంది.

ఆ అబ్బాయి ఎందుకున్నాడో నాకు అర్థం కాలేదు. ఆమెకు వేరే ఏదైనా పిచ్చి పెట్టు. కబడ్డీనో, డ్రోన్ కెమెరానో, మీ నాన్న అమ్ముతానంటున్న ఎకరం భూమో. పళ్లు మొత్తం పుస్తకంలో నాలుగుసార్లు కనిపిస్తే చాలు.

*

ప్రశ్న: మేడం, మాది వనపర్తి. మా పాప పదో తరగతి. ట్యాబ్‌లో ఇంగ్లీషు నవలలు చదువుతుంది. ఈ మధ్య ఒక నవలలో హీరోయిన్ ఆపిల్ పండు తప్ప ఏమీ తినదట. మా పాప కూడా రెండు నెలల నుంచి అన్నం మానేసింది, ఒక్క చపాతీ తింటుంది, అదీ సగం. అడిగితే నా బాడీ నా ఇష్టం అంటుంది. ట్యాబ్ గుంజుకున్నాను. ఇవన్నీ ఈ పుస్తకాల వల్లనే కదా?

జవాబు: అమ్మా, ఈ ప్రశ్న పుస్తకాల పేజీకి కాదు, డాక్టరుకు. ఈ వారంలోనే తీసుకుపోండి. రెండు నెలలంటే తక్కువ కాదు. నెలసరి సక్రమంగా వస్తుందా, కళ్లు తిరుగుతున్నాయా, జుట్టు రాలుతుందా, ఎప్పుడూ చలి అంటుందా, తిన్నాక బాత్రూమ్‌లో ఎక్కువసేపు ఉంటుందా చూడండి, చూసింది డాక్టరుకు చెప్పండి. హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి. మన దేశంలో పదిహేను నుంచి నలభై తొమ్మిదేండ్ల ఆడవాళ్లలో సగానికి పైగా రక్తం తక్కువ ఉన్నవాళ్లే, ఆ పైన అన్నం మానేస్తే ఏముంటుంది ఒంట్లో? మనసు గురించి మాట్లాడాలంటే టెలి మానస్ అని ప్రభుత్వం ఫోన్ లైన్ ఉంది, 14416, డబ్బులేమీ అడగరు, తెలుగులో మాట్లాడతారు. ముందు మీరే చేసి, ఇంట్లో ఎట్లా మాట్లాడాలో అడగండి.

ఇక పుస్తకం గురించి. తిండి మానేసే జబ్బు మీద రాసిన నవలలు మంచివీ ఉన్నాయి, నాసివీ ఉన్నాయి. నేను చూసే గుర్తు ఒకటే: పుస్తకం నిండా బరువు అంకెలు, కేలరీల లెక్కలు ఉంటే పక్కన పెడతాను. రాసినామె భయపెడదామనే రాసి ఉండొచ్చు, కానీ ఆ దారిలో అప్పటికే నడుస్తున్న పిల్లకు అవి టైమ్‌టేబుల్‌లా పనికొస్తాయి. అంకెలు లేకుండా, ఆ పిల్ల తల్లితో, స్నేహితురాలితో ఎట్లా దూరమైందో రాసిన పుస్తకం చదవనివ్వొచ్చు.

అయినా అన్నీ పుస్తకం మీద తోసెయ్యకండి. మీ ఉత్తరంలో రాయని మాట ఒకటి అడుగుతాను, కోపం వద్దు. "ఈ మధ్య దొడ్డుగైనవ్" అని ఇంట్లో మొదట అన్నదెవరు? ఏ పెళ్లిలోనో ఏ చిన్నమ్మో అని ఉంటుంది, పక్కన మనం నవ్వి ఉంటాం. నేనూ నా మేనకోడలి విషయంలో నవ్వాను, అందుకే అడుగుతున్నా. ట్యాబ్ ఇచ్చేయండి, కాకపోతే తను చదివే పుస్తకం మీరూ చదవండి. ఇంగ్లీషు కష్టమైతే తననే కథ చెప్పమనండి. తను ఎక్కడ ఆగుతుందో, ఎక్కడ గబగబా దాటేస్తుందో వినండి. పక్కన కంచంలో అన్నం ఉందని మాత్రం ఆ గంటసేపు గుర్తు చేయకండి.

*

ప్రశ్న: ఈ కాలమ్ రాసే మేడం జుట్టుకు రంగు వేసుకుంటారా? నిజం చెప్పాలి. (మిర్యాలగూడ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: వేసుకుంటాను. పదిహేను రోజులకోసారి. ఈసారి ఇంటి దగ్గర ఆలస్యమైంది.

*

ప్రశ్న: మహబూబ్‌నగర్ దగ్గర జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు టీచర్ని. తొమ్మిదో తరగతిలో ఒక అమ్మాయిని పిల్లలంతా కర్రెది అని పిలుస్తున్నారు, ఆమె అదే తన పేరైనట్టు పలుకుతుంది కూడా. తిట్టి చూశాను, నా ముందు మానేసి వెనక అంటున్నారు. కథ ద్వారా చెప్దామని అష్టావక్రుడి కథ అనుకున్నాను. మంచిదేనా? ఈ వయసు పిల్లలకు తెలుగులో ఇంకేమైనా ఉన్నాయా?

జవాబు: సార్, ఆ కథ గురించి నేనూ చాలాకాలం మీలాగే అనుకున్నాను. ఎనిమిది వంకరల పిల్లవాడు, రాజసభలో అందరూ నవ్వుతారు, అతనూ నవ్వి వాళ్ల నోరు మూయిస్తాడు. వినడానికి బాగుంటుంది. ఏం అని మూయిస్తాడో గుర్తు తెచ్చుకోండి. మీరు చర్మం చూసి లెక్కగట్టేవాళ్లు, అంటే తోలు పని చేసేవాళ్లు అంటాడు, మనం చెప్పుకునే తీరులో. తన మీద పడ్డ అవమానాన్ని తీసి చెప్పులు కుట్టే కులం మీద వేశాడు. మీ క్లాసులో ఆ పనివాళ్ల ఇంటి పిల్లలుంటే ఆ రోజు వాళ్లెట్లా కూర్చుంటారు? ఇంకోటి, భారతంలో చివరికి అతన్ని సమంగ నదిలో మునగమంటాడు తండ్రి, మునగగానే వంకరలన్నీ పోతాయి. అంత జ్ఞానం చూపించినా ఆఖరికి నిటారుగా నిలబెట్టకుండా మనవాళ్లకు కథ కంచికి పోదు. భాగవతంలో కుబ్జను కూడా కృష్ణుడు సరిచేసిందాకా వదలడు.

దీనికి ఎదురు నిలబడే కథ తెలుగులోనే ఉంది. ఓల్గా గారి 'విముక్త' చదివారా? 2015లో సాహిత్య అకాడెమీ అవార్డు వచ్చిన పుస్తకం. అందులో 'సమాగమం' కథలో సీతకు అడవిలో శూర్పణఖ కనిపిస్తుంది. ముక్కు కోసిన శూర్పణఖ. ఒక తోట పెంచుకొని ఉంటుంది, లవకుశులు ఆ తోట పూలు తెస్తేనే సీతకు ఆ సంగతి తెలుస్తుంది. మొదట్లో అందమైన ఏది కనిపించినా పాడుచేయాలనిపించేదని, మెల్లమెల్లగా మొక్కల దగ్గర ఆ కోపం తగ్గిందని చెప్తుంది. ముక్కు మళ్లీ రాదు. ఏ నదీ దాన్ని తెచ్చియ్యదు. పిల్లల కోసం రాసిన కథ కాదు గానీ తొమ్మిదో తరగతికి మీరు చదివి వినిపిస్తే అందుతుంది. మన పిల్లలకు చందమామ వయసు దాటాక సీరియల్ నవలల వయసు వచ్చేదాకా నడుమ పెద్ద గుంత ఉంది, అందుకని ఇట్లా పెద్దవాళ్ల అల్మారాలోంచే దింపుకోవాలి.

బయటివాటిలో షారన్ ఫ్లేక్ అనే ఆఫ్రికన్ అమెరికన్ రచయిత్రి 1998లో రాసిన 'ద స్కిన్ ఐయామ్ ఇన్' మీ క్లాసుకు సరిగ్గా అతుకుతుంది. నల్లపిల్ల, బడిలో రోజూ ఏడిపింపులు. ఆ బడికి ముఖం మీద తెల్ల మచ్చ ఉన్న కొత్త టీచరమ్మ వస్తుంది. ఆమె కూడా దేవత కాదు, మొదట్లో ఆ పిల్లకు ఆమె అంటే మంట. పిల్ల డైరీలో ఒక కథ రాయడం మొదలుపెడుతుంది, బానిసల ఓడలో ఉన్న అమ్మాయి కథ. తన రంగు గురించి నేరుగా చెప్పలేనిదంతా ఆ ఓడలోకి ఎక్కిస్తుంది. మీరు తెలుగు టీచర్, మీకు వేరే చెప్పక్కర్లేదు: ఆ అమ్మాయికి ఉపదేశం వద్దు, ఒక నోటుబుక్కు ఇవ్వండి. ఆమెకు ఒక్కదానికే కాదు, అందరికీ. ఒక్కదానికే ఇస్తే దానికీ ఒక పేరు పెడతారు.

రంగు మాటకొస్తే, పాలమూరు గడ్డ మీద నలుపును తిట్టు చేయడం నాకు వింతగా ఉంటుంది. పాలమూరు లేబర్ అని దేశమంతా పేరున్న జిల్లా, ఎక్కడెక్కడో ఆనకట్టలూ కాలువలూ ఎండలో తవ్విన చేతులు. మీ క్లాసులో సగంమంది తాతలు, అవ్వలు ఆ పనికి పోయినవాళ్లే అయి ఉంటారు. ఆ పిల్లలను ఇంటికి పోయి, మీ తాత ఏ ఊళ్లో ఏం పని చేశాడో అడిగి రాసుకు రమ్మనండి. కర్రె అనే మాట మీరు ఎత్తకండి. రాసుకొచ్చిందాంట్లో ఎండ ఎట్లాగూ వస్తుంది. 1975 నుంచి ఫెయిర్ అండ్ లవ్లీ అని అమ్మిన క్రీము 2020లో పేరులో ఫెయిర్ తీసి గ్లో పెట్టుకుంది. మన పెళ్లిళ్ల పేరయ్యలు మాత్రం ఇంకా "పిల్ల మంచిదే, కలర్ జర తక్కువ" దగ్గరే ఉన్నారు, కట్నం లెక్క అక్కడినుంచే మొదలుపెడుతున్నారు. తొమ్మిదో తరగతి పిల్లలు ఆ మాట బడిలో నేర్చుకోలేదు.

*

ప్రశ్న: అక్కా, దేవరకొండ. వయసు పంతొమ్మిది. నా ఎత్తు 165. కానిస్టేబుల్‌కు 167.6 సెంటీమీటర్లు ఉండాలి. ఆన్‌లైన్‌లో ఎత్తు పెరిగే పౌడర్ మూడు డబ్బాలు వాడిన, ఏం కాలే. ఒళ్లు గురించి నవలలంటే అన్నీ అమ్మాయిలవే. మగపిల్లల కథల్లో హీరో ఎప్పుడూ ఆరడుగులే. మాకు టెన్షన్ ఉండదా?

జవాబు: తమ్మీ, నాలుగో డబ్బా కొనకు. ఎముకల చివర్లలో పెరిగే మెత్తటి భాగం ఉంటుంది, అది ఈ వయసుకు చాలామందిలో గట్టిపడిపోతుంది, ఆ తర్వాత ఏ పొడీ దాన్ని సాగదీయలేదు. ఆ డబ్బులతో గ్రూప్-4 పుస్తకాలొచ్చేవి. దానికి ఎత్తు కొలవరు.

నువ్వన్నది నిజం. మగపిల్లల ఒంటి గురించి రాసినవి తక్కువ. ఉన్నవాటిలో కూడా బక్కోడు జిమ్‌కు పోయి కండలు పెంచి, కొట్టినవాణ్ణి తిరిగి కొట్టడంతో సరి. మన దగ్గర పొట్టివాళ్లకు వామనుడున్నాడు గదా అని అంటారు. ఆయన గెలిచింది ఎట్లా గెలిచాడు? పెరిగి! మూడడుగులు అడిగి ఆకాశమంత పెరిగాడు. పొట్టిగానే ఉండి గెలిచిన కథ చెప్పమంటే మా నాయన కూడా ఆలోచనలో పడ్డాడు.

నువ్వే ఒకటి రాయి. గ్రౌండ్‌లో ఎత్తు కొలిచే రోజు. తెల్లారుజామున లైను, చెప్పులు విప్పి నిలబడ్డ పాదాలు, ఎత్తు కొలిచే పట్టీ నెత్తికి తగిలినప్పుడు మెడ సాగదీసుకోవడం, పక్కవాడు రాత్రి నుంచి పడుకునే ఉన్నాడట, నిలబడితే వెన్ను కుదించుకుపోతుందని. (పొద్దున లేవగానే మనిషి కొంచెం ఎత్తుగా ఉంటాడు, అది నిజమే. కాకపోతే 2.6 సెంటీమీటర్లు ఎవరు తెస్తారు.) వెనక్కి వచ్చేటప్పుడు బస్సులో మీరంతా ఏం మాట్లాడుకున్నారో రాయి. ఎవరూ మాట్లాడకపోతే అదే రాయి. రాసింది పంపిస్తే చూస్తాను. నీ ఎత్తు అంత ఉన్నా చాలు, రెండు పేజీలు.

*

ప్రశ్న: ఇన్నేండ్లుగా మీ కాలమ్ చదువుతున్నాం, పైన మీ ఫొటో ఎందుకు వేయరు? అందరి ఫొటోలూ ఉంటాయి. (కల్వకుర్తి)

జవాబు: మా ఎడిటర్ కూడా ఇదే అడుగుతున్నాడు. నా దగ్గరున్నది ఆ పెళ్లిచూపుల ఫొటో ఒక్కటే, మిగతా అన్నింట్లో కొంగు నోటి దాకా ఉంటుంది, ఎందుకో ఇప్పుడే చూసుకున్నాను. ఆదివారం స్టూడియోకు పోతున్నా. పాత స్టూడియో లేదు, అక్కడ ఇప్పుడు ఫోన్ల షాపు. కొత్తతను పిల్లవాడు, ఆధార్ ఫొటోలు తీస్తాడు. ఏమంటాడో చూసి వచ్చే నెల చెప్తాను.